నుంజియో మూసిన గాజుబంతి

సముద్రం అడుగు నుంచి గాజుబంతుల్ని పైకి లాగిన రోజు పోర్టోపాలో రేవులోని మా షెడ్డు కంపు కొట్టడం మామూలే. నాచు, జిగట, చచ్చిన పీతలు. ఒక్కో బంతీ పెద్ద పుచ్చకాయంత, లోపల నిండా వెలుతురు పసిగట్టే యంత్రపు కళ్ళు. ఆకాశం అవతలి నుంచి వచ్చిన న్యూట్రినో అనే సూక్ష్మకణం ఏదైనా నీళ్ళలో తగిలి నీలి మెరుపు విదిలిస్తే, దాన్ని పట్టుకోవడానికి.

ఆ రోజు పరీక్షకు వచ్చిన బంతిని గాలి చొరకుండా అతికి మూసింది నాతో పనిచేసే నుంజియో. దాన్లో గాలి దూరిందని తేలినా, కళ్ళు పాడైనా వాడి ఉద్యోగం ఊడుతుంది. పాపం, పొద్దున్నుంచీ వాడి మొహం ఉడకేసిన వంకాయలా ఉంది. నవ్విద్దామని, నోట్లో నిమ్మచెక్క కుక్కిన సార్డీన్ చేపనొకదాన్ని వాడి కోటు జేబులో వేశాను. కోటు బంతుల్ని పరీక్షించే చీకటి గదిలో కొక్కేనికి వేలాడుతోంది.

బయట మిట్టమధ్యాహ్నం. చీకటి గదికి మధ్యాహ్నమేంటి? వాడు వెనకాలే ఉన్నాడనుకుని తలుపు గడియ పెట్టాను, దీపం ఆర్పి బంతికి కరెంటిచ్చాను. ఇక దీపం వేయకూడదు. వేస్తే ఆ కళ్ళు మాడిపోతాయి. ఏ కన్ను కాస్త వెలుతురు చూసినా స్పీకరు టిక్కుమంటుంది.

టిక్... టిక్...

కాసేపటికి చేప కంపు. నవ్వొచ్చింది. తర్వాత కోటు దగ్గర చప్పుడు. చప్... చప్... తడినోటితో నమలడం. ముల్లు పుటుక్కున విరిగింది.

“ఛీ! పచ్చిదే తింటున్నావట్రా? సిగ్గూ ఎగ్గూ లేదా?” గుసగుసగా అన్నాను.

నమలడం ఆగింది.

టిక్ టిక్ టిక్ టిక్... మన కంటికి ఆనని వెలుతురేదో కదులుతోంది. కోటు వైపు నుంచి... నా వైపు.

చల్లటి నాలుక నా మణికట్టు మీద పాకింది. జిడ్డు మోచేతి దాకా కారింది.

“ఓడిపోయాన్రా బాబూ. ఇక ఆపు.”

బయట నుంచి తలుపు దబదబా బాదారు.

“ఏమే నిన్ఫా! ఎవరితో కబుర్లు? చేతులు కడుక్కొచ్చేలోగా నన్ను బయటే పెట్టి గడియేశావ్! నా బంతి ఎలా ఉందే?”

దీపం మీట నా వేలి కిందే ఉంది. నొక్కితే నేను గట్టెక్కుతాను, వాడి బతుకు మాడిపోతుంది. ముందు బంతికి కరెంటు తీయాలి. ఆ మీట... అటువైపు.

చెయ్యి చాచాను. ముంజేయి దాకా ఏదో మెత్తటిదాన్లో దిగబడింది. లోపల పళ్ళు... చిన్నవి... వరస వెనక వరస. కొరకలేదు. నా వేళ్ళను చప్పరించింది. చెయ్యి భుజం దాకా తోశాను. మీట తగిలింది. కరెంటు తీశాను. దీపం వేశాను.

ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. నా చెయ్యి మాత్రం భుజం దాకా జిగట.

గడియ తీస్తే నుంజియో ముక్కు మూసుకుంటూ వచ్చి, ముందు బంతిలోని గాలి ఒత్తిడి చూపే ముల్లు చూశాడు. మొహం వెలిగింది.

“చూశావా! వెంట్రుక దూరే సందు కూడా లేదు. నేను మూస్తే మూసినట్టే!”

నిజమే. కళ్ళన్నీ బాగున్నాయి. అతుకు చెక్కుచెదరలేదు. వాడి ఉద్యోగం నిలిచింది.

కోటు జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ.

బంతిని అటు తిప్పాను. గాజుకి లోపలి వైపు, కళ్ళ మధ్యన, నమిలి ఉమ్మేసిన సార్డీన్ ముళ్ళు. వాటి పక్కనే నిమ్మచెక్క. దాన్ని మాత్రం ముట్టలేదు.