పంతులమ్మ మరిచిపోయిన తారీఖు

1948 జూన్ తొమ్మిదో తారీఖు పొద్దున మెట్టుగూడలో వాన మొదలైంది. సదాశివ దగ్గర గొడుగు లేదు. రైల్వే వర్క్‌షాపుకు పరుగెత్తుతున్నవాడు దారిలో ఆడపిల్లల బడి కనబడగానే వరండా ఎక్కేశాడు.

వరండా గోడకు, వీధిలోకి కనబడేట్టు ఒక నల్లబల్ల ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో 'ఈ రోజున' అని రాసి ఉంది. దాని కింద ఒకే ఒక్క పంక్తి: '1781, రైలింజన్లు చేసి పేరు తెచ్చుకున్న జార్జి స్టీఫెన్‌సన్ పుట్టినరోజు.'

ఇంజన్ల మాట వచ్చాక సదాశివ నోరు ఊరుకుంటుందా!

"ఇంజను చేసినాయన పేరు రాసిన్రు, బాగనే ఉంది. మరి గా ఇంజన్ల బొగ్గేసినోళ్ళ పేరు ఎవరు రాస్తరు?" అన్నాడు పైకి, ఎవరూ లేరనుకుని.

"ఎవరి పేరు రాయాల్నో చెప్పుర్రి, రాస్తా," అంది కిటికీ.

కిటికీ కాదు, కిటికీ వెనక ఒక అమ్మాయి. ముక్కు మీద సుద్దపొడి అంటుకుని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పే ధైర్యం సదాశివకు లేదు.

"మా తాత. ముప్పై ఏండ్లు బొగ్గేసిండు."

"ఎప్పుడు పుట్టిండు?"

సదాశివ తల గోక్కున్నాడు. "గది తెల్వదు."

"తారీఖు తెల్వకుంట ఎట్ల రాయాలె? పుట్టిన తారీఖు చెప్పాలె, పుట్టి ఏం చేసిండో సుత చెప్పాలె. రెండూ ఉంటేనే మా బోర్డు ఎక్కుతరు." అని కిటికీ రెక్క మూసేసింది.

ఆ రోజు వర్క్‌షాపులో సదాశివ ఒక బోల్టుకు ఇంకో బోల్టు నట్టు బిగించాడని చెప్పుకున్నారు. నిజమో కాదో మనకు తెలియదు.

మర్నాడు వాన లేదు. అయినా అతను వరండా ఎక్కాడు. "మా పక్కింటి జాన్ సాహెబ్ మేకకు ఇవాళ రెండు పిల్లలు పుట్టినయ్. తారీఖు పక్కా. నా కండ్లతోటి చూసిన."

"పుట్టి ఏం చేసినయ్?"

"అరిచి గల్లీ మొత్తాన్ని లేపినయ్."

ఆమె పెదవి బిగబట్టుకుని, నిజంగానే బోర్డు మీద రాసింది. బడి పెద్ద టీచరు రోసమ్మ వచ్చి దాన్ని చెరిపేసేలోగా పిల్లలందరూ చదివేశారు, చప్పట్లు కొట్టేశారు. ఆ టీచరు ఆమెను కోప్పడుతూ పేరు పెట్టి పిలవబట్టి, శ్యామల అన్న పేరు సదాశివకు ఖర్చు లేకుండా దొరికింది.

శ్యామలకు తారీఖుల పిచ్చి. లోకంలో ఏ రోజున ఎవరు పుట్టారో, ఏం జరిగిందో ఆమెకు నోటికి వచ్చు. మెట్టుగూడలో అదొక వింత. ఎందుకంటే అక్కడ తారీఖులతో ఎవరికీ పని లేదు. నిజాం సర్కారు కాగితాల మీద ఆబాన్, అజూర్ అనే నెలలతో ఒక క్యాలెండరు. కంటోన్మెంటు దొరలది ఇంకో క్యాలెండరు. ఇంట్లో ఆడవాళ్ళకు పున్నమలూ అమావాస్యలూ. ఈ మూడింటితో వేగలేక జనం హాయిగా ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. ఫలానావాడు ప్లేగు ఏడు పుట్టాడు, ఫలానామె కరువు ఏడు పుట్టింది, అంతే.

"మా అమ్మ మూసీ వరద పిల్ల," అని సదాశివ ఒకరోజు చెప్పాడు. "మా నాయన ఎప్పుడు పుట్టిండో మాత్రం ఎవ్వరికీ తెల్వదు. అడిగితే నవ్వుతడు, బీడీ ముట్టిస్తడు."

"మీరు?"

"బడిల చేర్చేటప్పుడు పంతులు పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిది అని రాసిండు. మరి నువ్వు?"

ఆ 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. శ్యామల మాత్రం కిటికీ మూయలేదు. "సెప్టెంబర్ పదిహేడు. ఇరవై ఏడు," అంది.

అంటే ఏడాది పెద్ద. సదాశివకు అది చాలా చిన్న సంగతిగా అనిపించింది. వాళ్ళమ్మ విమలమ్మకు అదెంత పెద్ద సంగతో గుర్తొచ్చేసరికి ఆగస్టు వచ్చింది, మనసు చెయ్యి జారిపోయింది.

కులగోత్రాలు కుదిరాయి. శ్యామల తండ్రి బిక్షం, ఆసుపత్రిలో కాంపౌండరు, కాదనే మనిషి కాదు. మిగిలింది విమలమ్మ. దర్జీ జాన్ సాహెబ్ భార్య రసూల్ బీ మధ్యవర్తి అయింది. జాకెట్టు కుట్టించే వంకతో శ్యామలను తీసుకొస్తానంది.

ముందురోజు సదాశివ బడి కిటికీ దగ్గర కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఎప్పుడు పుట్టినవని మా అమ్మ అడుగుతది. తెల్వదు, వానకాలం అని చెప్పు. మా గల్లీల అందరూ గట్లనే చెప్తరు. జెర నా మాట విను."

"లోకంల అందరి తారీఖులు చెప్పి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నా తారీఖే నేను మర్చిపోవాల్నా?"

"మర్చిపోతే పెళ్లైతది."

"అబద్ధం మీద అయ్యే పెళ్లి నాకొద్దు," అని కిటికీ వేసేసింది. చాలా రోజుల తర్వాత వేసింది.

విమలమ్మ మంచి మనిషి. వచ్చిన పిల్లను పక్కన కూచోబెట్టుకుని, జొన్నపేలాలు పెట్టి, వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పే కథ చెప్పింది. "మూసీకి పెద్ద వరదొచ్చినప్పుడు నేను ఇంతంత పిల్లనంట. మాది అఫ్జల్‌గంజ్ దిక్కు. మా అవ్వ నన్ను బియ్యం గంపల పండబెట్టుకొని మిద్దెక్కింది. కింద ఇండ్లు కొట్టుకపోతున్నయంట, నేను గంపల బొటనవేలు చీక్కుంట నవ్వుతున్ననంట!" 

శ్యామల కూడా నవ్వింది. విమలమ్మకు పిల్ల నచ్చేసింది. తలుపు చాటున సదాశివ ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వెప్పుడు పుట్టినవ్ బిడ్డా?"

"పంతొమ్మిది వందల ఇరవై ఏడు, సెప్టెంబర్ పదిహేడు, శనివారం అమ్మా."

విమలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ముఖం మారింది. పిల్లను ఒక్క మాట అనలేదు, పేలాలు కొంగులో పోసి పంపింది. వెళ్ళాక కొడుకుతో అంది. "పిల్ల బంగారం. కానీ నీకన్న పెద్దది. పెద్దపిల్లను చేసుకుంటే మొగనికి ఆయుష్షు తక్కువ. నాకున్నది నువ్వొక్కడివే రా." ఆ చివరి మాట దగ్గర కొడుకు తల నిమిరింది. అందుకే సదాశివ ఎదురు చెప్పలేకపోయాడు. తండ్రి పర్వతాలు ఎప్పటిలాగే బీడీ ముట్టించాడు.

ఇది తెలిసి బిక్షం నొచ్చుకున్నాడు. బెజవాడలో ఉన్న చెల్లెలు ఎప్పటినుంచో ఒక సంబంధం ఉందంటోంది. పిల్లను అక్కడికి పంపేద్దామని, సెప్టెంబరు రెండో వారంలో రైలుకు సిద్ధం చేశాడు.

ఆ వారంలోనే ఇండియా సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి దిగింది. బెజవాడ రైళ్లు ఆగిపోయాయి. బడి మూశారు. బజారు మూశారు. జనం గుండెలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. ఆ భయాల మధ్య మన సదాశివ, తరతరాల రైల్వే కుటుంబంలో పుట్టినవాడు, రైళ్లు ఇప్పుడప్పుడే నడవకూడదని మహంకాళమ్మకు మొక్కుకున్నాడు.

ఆ గల్లీలో రేడియో ఉన్నది జాన్ సాహెబ్ ఇంట్లోనే. వేసవిలో రజాకార్లు వీధుల్లో తిరిగిన రోజుల్లో జాన్ సాహెబ్ తన కుట్టుమిషను తెచ్చి పర్వతాలు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. జాకెట్లు అక్కడే కుట్టాడు. ఇప్పుడు గాలి ఇంకో వైపు తిరుగుతోంది, భయం జాన్ సాహెబ్ గుమ్మానికి వచ్చింది. విమలమ్మ ఎవరితోనూ చెప్పకుండా వెళ్లి రసూల్ బీ చెయ్యి పట్టుకుని, మేకపిల్లలతో సహా అందరినీ తన ఇంటికి తెచ్చుకుంది. రేడియో కూడా వచ్చింది.

రేడియో వినడానికి ఎవరికీ పిలుపు అక్కర్లేదు. పదిహేడో తారీఖు సాయంత్రం గల్లీ అంతా ఆ ఇంట్లోనే ఉంది. బిక్షం వచ్చాడు. తండ్రి వెనక శ్యామల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సదాశివ నీళ్ల చెంబు అందించే నెపంతో ఆమె చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టాడు. రంగు సుద్దముక్కలు. జనరల్ బజారు మూయకముందే కొన్నవి.

"పుట్టినరోజు గదా," అన్నాడు మెల్లగా.

"యాదికుందా?"

"మర్చిపోదామని శానా కోషిష్ చేసిన. అయితలేదు."

ఆమె పొట్లాన్ని కొంగులో ముడేసుకుంది. కళ్ళు మాత్రం తుడుచుకోవాల్సి వచ్చింది.

అప్పుడే రేడియో గరగరలాడింది. జాన్ సాహెబ్ చెవి ఆనించి విన్నాడు. రేడియో గుండీని అటూ ఇటూ తిప్పి మళ్లీ విన్నాడు. "లడాయి బందైంది," అన్నాడు చివరికి. "నిజాం ఫౌజు హత్యార్లు, తుపాకులు దించుతున్నదంట."

బయట ఎక్కడో కేకలు, పటాకులు వినిపించాయి. లోపల కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు. రసూల్ బీ కొంగు తల మీదికి లాక్కుని గోడకు ఒదిగింది. విమలమ్మ ఆమె పక్కకు జరిగి, "ఈ రాత్రి ఏంది, ఎన్ని రాత్రులైనా మీరు ఈడనే. పరేషాన్ కాకు," అంది.

బిక్షం పెద్ద నిట్టూర్పు విడిచాడు. "ఇగ రెండు దినాలల్ల రైళ్లు నడుస్తయ్," అన్నాడు. సదాశివ తల దించుకున్నాడు. శ్యామల కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

పర్వతాలు ఇద్దరినీ చూశాడు. బీడీ తీశాడు, ముట్టించలేదు. అడక్కుండా నోరు విప్పని మనిషి, అడిగినా విప్పని మనిషి, తీరిగ్గా అన్నాడు. "ఇంత పెద్ద దినం ఎవ్వలం మర్చిపోం. ఇగ పోరలు సర్కారు మారిన ఏడు పుట్టిన్రని చెప్పుకుంటరు. నేను పుట్టినప్పుడు ఆకాశంల తోకచుక్క లేసిందంట."

విమలమ్మ మొగుడి వంక వింతగా చూసింది. "ఇన్నేండ్లల్ల ఎన్నడు చెప్పకపోతివి!"

"నువ్వు వరద ముచ్చట చెప్పుకుంట పోతివి, నాకు సందు దొరకలే."

అందరూ నవ్వారు. శ్యామల ఒక్కతే నవ్వలేదు. ఆమె కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి, వెంటనే నేలకు దిగాయి. ఆమె మనసులో తారీఖులు వాటంతట అవే పక్కపక్కన వచ్చి నిలబడతాయని సదాశివకు తెలుసు. ఏదో తట్టింది. ఏమిటది?

"తోకచుక్క ఏ ఏడు బిడ్డా?" అన్నాడు పర్వతాలు. "నీకు తెల్వని తారీఖు ఉండదంటరు."

ఇల్లంతా ఆమె వైపు చూసింది. శ్యామల విమలమ్మ ముఖం చూసింది. గల్లీ అంతా అక్కడే కూర్చుని ఉంది. 

"యాదికి లేదు మామా," అంది. "మర్చిపోయిన."

సదాశివ నోరు తెరిచాడు. ఈమె మరిచిపోవడమా!

"అరె, నాకు యాదుంది," అన్నాడు జాన్ సాహెబ్, పాపం ఏమీ ఎరగకుండా. "వరదొచ్చిన రెండేండ్లకు! మా అబ్బాజాన్ నన్ను భుజం మీద కూసోబెట్టుకొని చూపిండు. ఇంత పొడుగు తోక!"

చేతులు చాపి చూపించినవాడు, ఎవరూ తోకను చూడటం లేదని గ్రహించి మెల్లగా దించుకున్నాడు.

విమలమ్మ వేళ్ళు మడుస్తోంది. వరద వచ్చినప్పుడు తను గంపలో ఉంది. మొగుడు ఇంకా లోకంలోనే లేడు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్లు బతికి, ఆ రెండు ముచ్చట్లను ఆమె ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. పెట్టడానికి రెండోది ఆమెకు దొరకనిస్తే కదా!

"నీకు తెలుసా?" అంది మొగుడితో.

"పెళ్లైన కొత్తలనే మా అమ్మ చెప్పింది."

"మరి నాకు చెప్పకపోతివేంది?"

"చెప్తే ఏడుస్తవని. అటెనుక చెప్తే 'ఒరేయ్ పర్వతాలూ' అని పిలుస్తవని."

ఎవరో కిసుక్కున నవ్వారు. విమలమ్మ నవ్వలేదు. "మరి... ఆయుష్షు?"

"నీ చేతి కూడు తినుకుంట ఉన్న గద విమలా. దానికేం తక్కువైంది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత లేచి గుమ్మం దాకా నడిచింది. శ్యామల గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నిజం చెప్పు. మర్చిపోయినవా?"

శ్యామల కొంగు ముడిని వేలికి చుట్టుకుంది.

"నీ తారీఖు జెర మర్చిపొమ్మని నా కొడుకు కాళ్ళు పట్టుకున్నడంట. రసూల్ బీ చెప్పింది. నీ పెళ్లి కోసం చెప్పని అబద్ధం ఇయ్యాల ఎందుకు చెప్పినవే?"

"అది నా పరువు అమ్మా," అంది శ్యామల నేలను చూస్తూ. "ఇది మీ పరువు."

విమలమ్మ ఆమె గడ్డం వదిలింది. ఆపైన వంటింట్లోకి వెళ్లి, డబ్బా అడుగు గీకి బెల్లం ముక్క తెచ్చి ఆ పిల్ల నోట్లో పెట్టింది. "ఇయ్యాల నీ పుట్టినరోజంట గద. అన్నా బిక్షం, రైళ్లు నడిస్తే నువ్వొక్కడివే పోయి మీ చెల్లెకు చెప్పిరా. పిల్ల ఏడికీ రాదు."

సదాశివ మేకపిల్లను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. అంతమందిలో అతనికి అందుబాటులో ఉన్నది అదే మరి.

కొద్ది రోజులకు బెజవాడ రైలు కదిలింది. బిక్షం ఒక్కడే ఎక్కాడు. ఆ రైలు నిమిషం కూడా ఆలస్యం కాకూడదని సదాశివ మళ్లీ మహంకాళమ్మకే మొక్కుకున్నాడు. ఆ తల్లి ఏమనుకుందో!

బడి తెరిచిన రోజు శ్యామల మూసిన రోజుల తారీఖులన్నీ నల్లబల్ల మీద వరసగా రాసింది. పదిహేడు దగ్గర, 'హైదరాబాదులో యుద్ధం ఆగిన రోజు' అని రాసి, పిల్లలకు పాఠం చెప్పడానికి లోపలికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి పిల్లలు వరండాలో గుంపుగా నిలబడి నవ్వుతున్నారు. చెరపడానికి గుడ్డ పట్టుకుని వచ్చిన రోసమ్మ టీచరు కూడా చెరపకుండా నిలబడి ఉంది. పదిహేడో తారీఖు కింద, వంకరటింకర అక్షరాలతో, ఎర్ర సుద్దతో ఇంకో పంక్తి ఉంది.

'పుట్టినవారు: శ్యామల, మెట్టుగూడ. పుట్టి చేసిన పని: ఒకే ఒక్క అబద్ధం చెప్పింది.'