ఒకూనో జెర్సీ

తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులో, మొబైల్ దుకాణం మీది అంతస్తులో ఉన్న సోఫియా డిటెక్టివ్ ఆఫీసుకి ఎక్కువగా వచ్చేది పెళ్ళి సంబంధాల వాళ్ళే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి మంచిదేనా, ఇదే గోల. అందుకే ఆ గురువారం పొద్దున జనని మెట్లెక్కి రాగానే అసిస్టెంటు మహేంద్ర అలవాటు కొద్దీ వరుడి పేరు రాసుకోవడానికి పెన్ను తీశాడు.

“పెండ్లి గాదన్నా, దొంగతనం,” అంది జనని. “చేసింది నేనేనంట.”

పొడుగాటి మనిషి, వెడల్పాటి అరచేతులు. కుర్చీ అంచున కూర్చుంది. సోఫియా మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. “మొదట్నించీ చెప్పు. ఏడుపొస్తే ఏడ్చుకుంటూనే చెప్పు, వరస మాత్రం తప్పకు.”

జనని చెప్పింది. మణవాళనగర్ అవతల జపాన్ వాళ్ళ బ్రేకుల ఫ్యాక్టరీలో ఆమెది కాంట్రాక్టు పని. ఆ కంపెనీ తన సొంత ఊళ్ళో ఆసాగిరి అనే ఫుట్‌బాల్ జట్టును పోషిస్తోంది. జపాన్ మొదటి డివిజన్ అయిన జె1 లీగులో ఆడే జట్టు అది. ఇక్కడి కార్మికులకి ఆ జట్టంటే ప్రాణం. మణవాళనగర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని, పెద్ద టీవీ పెట్టుకుని, ఫిబ్రవరిలో సీజన్ మొదలైంది మొదలు ఒక్క ఆటా వదలకుండా చూస్తున్నారు. అక్కడ మధ్యాహ్నం ఆటంటే ఇక్కడ పొద్దున. రాత్రి షిఫ్టు దిగి మొహం కూడా కడక్కుండా వచ్చేస్తారు. ఆటయ్యాక జపాన్ అభిమానుల్లాగే చెత్తంతా సంచుల్లోకి ఏరి మరీ ఇళ్ళకి పోతారు.

ఈ ఏడు మాత్రం ఆసాగిరి జాతకం బాగాలేదు. ఇరవై జట్లలో అడుగున మిగిలిన మూడూ రెండో డివిజన్‌కి దిగిపోవాలి. ఎండాకాలమంతా ఓడి ఓడి, సెప్టెంబరులో ఒక పెద్ద జట్టు మీద గెలిచేసరికి, అభిమానులు సంతోషం పట్టలేక మూకుమ్మడిగా తిరుత్తణి కొండకి పోయి గుండ్లు కొట్టించుకొచ్చారు. అంత మొక్కినా ఇంకా అడుగు మూడింటిలోనే ఉంది. ఈ శనివారం ఆఖరి ఆట. గెలిస్తే ఉంటుంది, లేదంటే దిగుతుంది.

“నేను జిల్లా ఆడపిల్లల టీమ్‌కి గోల్‌కీపర్‌నక్కా. ఆసాగిరి వాళ్ళు జనవరిలో వాళ్ళ ఆడపిల్లల టీమ్ ట్రైనింగ్‌కి రమ్మని నన్ను తీసుకున్నారు. ఇంతలోనే ఈ పాపం వచ్చి పడె.”

వాళ్ళు ఆటలు చూసే గదిలో గోడకి ఒక అద్దాల ఫ్రేము ఉంది. అందులో ఆసాగిరి పాత గోల్‌కీపర్ ఒకూనో ఆటలో తొడుక్కున్న పచ్చటి పొడుగు చేతుల జెర్సీ, ఆయన సంతకంతో సహా. సోమవారం అద్దం తుడుస్తూ జనని దాన్ని పరీక్షగా చూసింది.

“ఒకూనో ఎడం పక్కకే ఎక్కువ దూకుతాడు. ఆ మోచేతి కాడ బట్ట అరిగి పీచు లేసి ఉంటాది. ఇప్పుడుండేది కొత్త బట్ట. ఎవురో మార్చేసినారు. పోయి సుందరరాజ్ మామకి చెప్పినాను. ఆయనే మా అభిమానుల సంఘానికి పెద్ద. చెకింగ్‌లో చానా ఏండ్లు చేసి, ఇప్పుడు ఆఫీసులో ఉండాడు. నా పేరు జపాన్‌కి రాసి పంపింది గూడా ఆయనే. అట్లాంటి మనిషి, ‘తాళం నీ కాడ ఉండాది, దాని మీద కన్నూ నీకే ఉండాది’ అన్నాడు. శనివారం లోపల తెచ్చియ్యకుంటే మా మేనేజర్ మొరిటా సార్‌కి చెప్పి నా పేరు కొట్టేపిస్తాడంట. దొంగ అనే పేరుతో నేను యాడికి పోయేదక్కా?”

“నువ్వు తీయలేదుగా?”

“మా అమ్మ మీద ఒట్టు.”

“ఒట్లు నాకొద్దు. శనివారం ఆట మొదలు కాకముందే నీ పేరు కడిగిపెడతాను. పో, పోయి ప్రాక్టీసు చేసుకో.” సోఫియా అలా మాటిచ్చిందంటే ఇక తిండీ తిప్పలూ ఉండవని మహేంద్రకి తెలుసు. హెల్మెట్లు తీసుకొచ్చాడు.

ఆటలు చూసే ఆ గది పక్కింట్లోనే ఎలుమలై ఉంటాడు. గది ఊడ్చేదీ, కనిపెట్టుకునేదీ ఈ ముసలాయనే. రెండో తాళంచెవి ఆయన వాకిట్లో మేకుకి వేలాడుతోంది.

“తాతా, ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?” అడిగింది సోఫియా.

“ఇంకేడ పెట్టేదమ్మా? లోపల పెడితే ఆటకి ముందు వచ్చే ప్రతివాడూ నన్ను నిద్ర లేపుతాడు.”

“మరి సుందరరాజ్ గారు తాళం జనని దగ్గరే ఉందంటున్నారు?”

“అనినా అంటాడు. ఆయనే చానా తూర్లు ఈ మేకు నుంచి తీసుకున్నాడు. అందరూ తీసుకుంటారు.”

లోపల సోఫియా ఫ్రేమును దించి బోర్లా తిప్పింది. వెనక చెక్కకి మూల మూలకీ ఒక స్క్రూ. ప్రతి స్క్రూ తల మీద నుంచి చెక్క మీదికి సన్నటి ఎర్ర గీత గీసి ఉంది.

“ఏమి కనిపిస్తోంది మహేంద్రా?”

“ఎర్ర గీతలక్కా. కార్పెంటరు గుర్తులేమో.”

ఎలుమలై వంగి చూశాడు. “అదేందమ్మా? ఫ్రేము కట్టిన దినం బజారు కార్పెంటరు నా ముందరే గదా బిగించినాడు. గీతా లేదు, గీకూ లేదు.”

సోఫియా ఊఁ కొట్టి ఫోటో తీసుకుంది. స్క్రూలు విప్పి నకిలీ జెర్సీని బయటికి తీసి, తిరగేసి చూసింది. అంచు లోపల తిరుత్తణిలోని ఒక ప్రింటింగ్ షాపు ముద్ర చిన్నగా ఉంది.

సాయంత్రం షిఫ్టు మారే వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర పార్థిబన్ దొరికాడు. ఆట చూసేటప్పుడు గదిలో డప్పు కొట్టేది అతనే. జట్టు ఓడితే రెండు రోజులు అన్నం ముట్టని రకం. మొన్న ఓటమికి టీవీ రిమోటు నేలకేసి కొట్టాడని ఎలుమలై చెప్పే ఉన్నాడు.

“నేను తీసుంటే దాచుకుంటానా మేడం? తొడుక్కోని ఊరంతా తిరుగుతాను!” అన్నాడు పార్థిబన్ మొహమాటం లేకుండా.

అతని బండి చక్రం నట్టు మీద తెల్లటి గీత ఒకటి మహేంద్ర కంటపడింది. సోఫియా అప్పటికే దాని పక్కన కూర్చుని ఉంది. “ఇదేమిటి?”

“అదా? బిగించినాక గీత గీయాల మేడం. నట్టు లూజయితే గీత పక్కకి పోతాది, చూడంగానే తెలిసిపోతాది. లైన్‌లో బిగించినోడిది తెల్ల గీత, సరి చూసినోడిది ఎర్ర గీత. రెండూ ఉంటేనే మా బ్రేకు గేటు దాటేది. అలవాటయిపోయింది. ఇంట్లో గ్యాస్ స్టవ్‌కి గూడా గీసినానని మా ఆడది తిడతా ఉంటాది.”

వెనక్కి వస్తూ మహేంద్ర ఉండబట్టలేకపోయాడు. “వీడే అక్కా! అంత పిచ్చి ఇంకెవరికుంది?”

“పిచ్చి అందరికీ ఉంది. రంగు చూసుకో,” అంది సోఫియా. ఆ మాట మహేంద్రకి అరిగే లోపలే సుందరరాజ్ ఇల్లొచ్చింది.

సుందరరాజ్ మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి కాఫీ ఇప్పించాడు. ఇంట్లోనే ఉన్నా ఫుల్‌హ్యాండ్ చొక్కా గుండీలన్నీ మెడ దాకా, మణికట్టు దాకా పెట్టుకునే ఉన్నాడు. నుదుటి మీద చెమట, ఒళ్ళంతా సెంటు వాసన. మహేంద్రకి తుమ్మొచ్చింది.

“ఆ పిల్ల నాకు కూతురు లాంటిది మేడం. కానీ తప్పు తప్పే గదా?”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“చూసేదేముంది? తాళం దానికాడ ఉండాది. మొరిటా సార్‌కి జవాబు చెప్పుకోవాల్సింది నేను. ఆయన నన్ను నమ్మి ఆ జెర్సీ ఇచ్చినాడు.”

శుక్రవారం ఇద్దరూ లోకల్ రైల్లో తిరుత్తణి పోయారు. ప్రింటింగ్ షాపు కొండకి పోయే దారిలోనే ఉంది. దాని యజమానురాలు ఉషా నకిలీ జెర్సీని చూడగానే గుర్తుపట్టింది.

“మేమే వేసినాము. పోయిన నెల మురుగన్ కృత్తిక నాడు వచ్చి తీసుకున్నాడు. మొహం గుర్తుందా అంటే ఏమి చెప్పేది? ఆ దినం కొండంతా గుండ్లే, అందరి మీదా గంధమే. అతను మాస్కు గూడా వేసుకోని ఉన్నాడు. కానీ ఒకటి బాగా గుర్తుండాది. చొక్కా లోపలా బయటా తిప్పి, ఒక్కొక్క కుట్టునీ గోటితో గీకి చూసినాడు. చూసినాక దానికి వేలు చూపించి ‘సరి!’ అని కేక పెట్టినాడు. ఎవురితో చెప్తా ఉండాడా అని నేను వెనక్కి తిరిగి చూసినాను. ఎవురూ లేరు!” ఉషా నవ్వింది.

సోఫియా నవ్వలేదు. బయటికొచ్చాక మాత్రం మహేంద్ర వీపు మీద చరిచింది. “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చేతి అలవాటు పట్టిస్తుందిరా. పద, రేపు పెందలాడే అందర్నీ పిలువు.”

శనివారం ఆట ఇంకా మొదలు కాలేదు. టీవీ మూగగా వెలుగుతోంది. జనం ఇంకా రాకముందే ఎలుమలై, పార్థిబన్, సుందరరాజ్, జనని గదిలో చేరారు. సోఫియా ఫ్రేమును బల్ల మీద బోర్లా పెట్టి, నకిలీ జెర్సీని లోపల సర్దింది.

“పార్థిబన్, కాస్త ఈ స్క్రూలు బిగించు.”

పార్థిబన్ నాలుగూ బిగించాడు. బిగించి, జేబులోంచి మార్కర్ తీసి చకచకా తెల్ల గీతలు గీసేశాడు. ఎలుమలై పకపకా నవ్వాడు.

“సుందరరాజ్ గారూ, గట్టిగా బిగిసిందో లేదో మీరోసారి చూడండి. గోడ మీంచి పడితే అద్దం పగులుతుంది.”

సుందరరాజ్ వంగాడు. ఒక్కో స్క్రూనీ గోటితో తాకి చూశాడు. వేలు చాపి, “సరి!” అన్నాడు. చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. మార్కర్ మూత తీశాడు. తెల్ల గీత పక్కన గీయబోయి ఆగిపోయాడు. అక్కడ ముందే ఎర్ర గీత ఉంది. ఆయన చేతిలోదీ ఎరుపే.

పార్థిబన్ వంగి రెండు ఎరుపుల్నీ మార్చి మార్చి చూశాడు.

“ఈ స్క్రూలు బజారు కార్పెంటరు బిగించినప్పుడు గీతలు లేవు. ఎలుమలై తాత సాక్షి,” అంది సోఫియా. “అంటే తర్వాత విప్పి బిగించినవాడు గీశాడు. గీత లేనిదే పని అయినట్టు కాదనుకునే ఫ్యాక్టరీ మనిషి. లైన్ మీద పనిచేసేవాడైతే తెలుపు గీసేవాడు. ఇది ఎరుపు, చెకింగ్ వాళ్ళది. జననికి చెకింగ్‌తో సంబంధం లేదు. తిరుత్తణిలో ఈ నకిలీని తీసుకున్నవాడు ప్రతి కుట్టూ చూసి, వేలు చాపి ‘సరి’ అన్నాడు, మీ చెకింగ్ పద్ధతిలో, మీరు ఇప్పుడన్నట్టే. తాళంచెవి ఎలుమలై తాత మేకుకే ఉంటుంది, ఆ సంగతి మీకూ తెలుసు. అయినా జనని దగ్గరే ఉందన్నారు. ఇక అసలు జెర్సీ ఎక్కడుందో చెప్పనా? ఇంట్లో కూడా గుండీ విప్పకుండా, వాసన రాకుండా సెంటు ఎందుకు పూసుకుంటున్నారు?”

సుందరరాజ్ కుర్చీలో కూలబడ్డాడు. మణికట్టు గుండీ విప్పాడు. లోపల పచ్చటి చెయ్యి, మోచేతి దగ్గర పీచు లేచి కనిపించింది.

“మొక్కుకున్నాను,” అన్నాడు మెల్లగా. “ఒకూనో చెమట పట్టిన జెర్సీ తొడుక్కోని కావడి మోస్తానని, సీజన్ అయ్యేదాకా స్నానానికి తప్ప విప్పనని తిరుత్తణి కొండ మీది తణికాచలం స్వామికి మొక్కుకున్నాను. అయినాక మళ్ళీ పెట్టేసుందును, ఎవురికీ తెలిసేది గాదు. ఈ పిల్ల మోచెయ్యి చూసింది. మొరిటా సార్ ముందర నా మొహం ఎట్లా చూపించేది? భయం పట్టుకునింది. నోటికొచ్చింది అనేసినాను.”

“ఛీ, ఏమి మనిషివన్నా!” అన్నాడు పార్థిబన్.

జనని లేచి ఆయన ముందుకొచ్చింది.

“మామా, ఆసాగిరి ఈ పొద్దు పడిపోతే వచ్చే సీజన్లో పైకి ఎక్కొచ్చు. నా పేరు పడిపోయుంటే నేను ఏ లీగులో ఆడి ఎక్కేది?”

సుందరరాజ్ తల దించుకున్నాడు. “ఆట అయినాక సార్‌తో చెప్తాను తల్లీ. కండిప్పా, తప్పకుండా చెప్తాను.”

“ఇప్పుడే చెప్పండి,” అంది జనని. “ఆటకి ముందర.”

సోఫియా ఫోను ఆయన ముందు పెట్టింది. సుందరరాజ్ ఇంగ్లీషూ జపనీసూ కలిపి, జెర్సీ తీసింది తానేనని, జనని ఏ పాపమూ ఎరగదని మేనేజర్‌తో చెప్పాడు. తర్వాత మొరిటా సోమవారం ఆఫీసులో కలవమని సుందరరాజ్‌తో అన్నాడు. జననికి ఫోనివ్వమన్నాడు. ఆమెకి ముందుగా క్షమాపణ చెప్పి, పాస్‌పోర్టు పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అప్పటిదాకా ఓర్చుకున్న పిల్ల ఆ మాటకి భోరుమంది. ఎలుమలై కూడా తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

జనం వచ్చారు, డప్పులు మోగాయి, ఆట మొదలైంది. అంత మొక్కూ మొక్కుబడీ ఏ గంగలో కలిసిందో గానీ, ఆసాగిరి ఒక్క గోలు తేడాతో ఓడి రెండో డివిజన్‌కి దిగిపోయింది. పార్థిబన్ డప్పు మీద తల పెట్టి ఏడ్చాడు. సుందరరాజ్ మూలన నిలబడి ఏడ్చాడు. ఆయన పక్కన ఎవరూ నిలబడలేదు.

అందరూ చెత్త ఏరుతుంటే జనని చేతి తొడుగులు వేసుకుని బయటికి నడిచింది. గది వెనక ఖాళీ జాగాలో రెండు ఇటుకలు పెట్టి గోల్ చేసింది. మహేంద్ర వెనకే వెళ్ళాడు.

“పడిపోయిన టీమ్ దగ్గరికి పోతున్నావు. బాధగా లేదా?”

“ఉండాదన్నా. నిన్నటి దాకా పోతానో లేదో తెలీదు గదా, ఇప్పుడు పోతా ఉండాను.” బంతిని అతని కాళ్ళ ముందుకి దొర్లించి, మోకాళ్ళు వంచి నిలబడింది. “ఎడం పక్కకి కొట్టు. గట్టిగా కొట్టన్నా, నేనేమీ పగిలిపోను.”

మహేంద్ర చెప్పులు విప్పి పక్కన పెట్టి, బంతిని గట్టిగా తన్నాడు.