గుర్రపుడెక్కలో అల

సలోమి బ్యాగులో స్వెట్టర్ పెడుతుంటే, వాళ్ళ నాన్న పేతురు మాస్టారు తీసి మంచం మీద పడేస్తున్నారు. అప్పటికి నాలుగుసార్లయింది.

గుమ్మంలో నిలబడ్డ, కొల్లేట్లో పడవ నడిపే రూబెన్‌కి నవ్వొచ్చింది. కానీ సాయంత్రం రైలుకి ఈ అమ్మాయి తాడేపల్లిగూడెం వదిలిపోతుంది. ఆ తర్వాత ఓడెక్కి దక్షిణ ధ్రువం వైపు. తను చెప్పాల్సింది ఇంకా చెప్పనేలేదు.

మొన్నటి వానాకాలం కొల్లేట్లో సలోమి కర్రలు పాతింది, గుర్రపుడెక్క మధ్య అల ఎంత తగ్గుతుందో కొలవాలని. ఎవరో దొంగచాటుగా పెట్టిన చేపలు పట్టే మావు బుట్టలకు గుర్తులనుకుని రూబెన్ అన్నీ పీకేశాడు.

"నా రీసెర్చ్‌ని పొయ్యిలో పెట్టారు కదండీ!" అని గట్టు మీదే తగువు పెట్టుకుంది. ఆ తప్పుకి మూడు నెలలు తన పడవలో తిప్పి, ప్రతి కర్రా మళ్ళీ పాతాడు.

"అక్కడా అల ఇలాగే తగ్గుతుందాండీ?" అడిగాడిప్పుడు రూబెన్.

"ఇంతే. డెక్క బదులు తేలే మంచు పలకలు. చిన్న అలలు అంచులోనే చచ్చిపోతాయి. పొడుగాటి అల మాత్రం నీరసపడుతూనే మైళ్ళకొద్దీ లోపలికి పోతుంది. ఎంత దూరమో నేను కొలుస్తాను."

"మరి నేను ఏ అలనండీ?"

"మీరు అలేంటండీ, గుర్రపుడెక్క! నా దూకుడంతా మీ దగ్గరే తగ్గిపోతోంది."

రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"పెళ్ళి కాని పిల్ల, అన్ని నెలలు ఓడలో..." మాస్టారు గొణిగారు.

"పంపండి మాస్టారూ. పెళ్ళి నేను చేసుకుంటానండి. తను వచ్చేలోగా చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివించేస్తాను."

"పిల్ల ఊళ్ళో లేకుండా ప్రకటనేంటయ్యా?"

"ప్రకటనకి పేరు చాలండి. మనిషి పెళ్ళికొస్తే చాలు."

"నన్నెవరూ అడగరేంటండీ?" అంది సలోమి.

"అడుగుతున్నానండి."

"కొలతలు పూర్తయితేనే వస్తాను. మధ్యలో వచ్చెయ్యమనకూడదు."

"అననండి."

"అయితే సరే."

 మాస్టారు స్వెట్టర్ తనే మడతపెట్టి బ్యాగులో సర్దారు.

ఫిబ్రవరిలో మూడు ఆదివారాలూ ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమని పాస్టరుగారు అడిగితే ఎవరూ లేవలేదు. మూడోది పదిహేడో తారీఖున. అప్పటికింకా ఓడ నుంచి కబురు అందలేదు.

ఆ ముందురోజు సలోమి కొలతలకని మంచు పలక మీదికి దిగింది. దూరం నుంచి వచ్చిన పొడుగాటి అల ఆమె నిలబడ్డ పలకను విరిచింది.

సలోమి తిరిగి రాలేదు. 2008 ఫిబ్రవరి 16, శనివారం.