పస్విక్ నది మీద ఒక టేపు చుట్ట

నేయిడెన్ చెక్‌పాయింట్‌లో ఓద్వార్‌కి వేడి సూపు అందించాల్సిన మనిషి కట్టెల షెడ్డులో చచ్చిపడి ఉన్నాడు.

అతని పేరు బిర్గెర్. లోకం దృష్టిలో కుక్కల బండి పందేనికి వచ్చిన వాలంటీరు, నిజానికి మిలిటరీ ఇంటెలిజెన్స్ మనిషి. ఓద్వార్ బండి ఆగగానే అతను ఎదురొచ్చి, కుక్కలకి సాల్మన్ చేప పెట్టాలా, రెయిన్‌డీర్ కొవ్వు పెట్టాలా అని అడగాలి. ఈమధ్య రెండూ ముట్టడం లేదని ఓద్వార్ చెప్పాలి. అది కోడ్. ఏది పెట్టినా గిన్నెతో సహా మింగే కుక్కల గురించి ఇలాంటి కోడ్ రాసినవాడు ఓస్లోలో హీటరు పక్కన కూర్చునే పెద్దమనిషి అయ్యుండాలి.

ఇప్పుడు అడిగేవాడు లేడు. చెక్‌పాయింట్ చూసుకునే సామీ తెగ ముసలాయన ఇస్సాత్, శవం మీద కంబళి సర్దుతూ గొణిగాడు.

"చలికి పోయాడని రాసుకుంటారు బాబూ. చలి మెడ చుట్టూ తాడు గుర్తు పెడుతుందని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు."

ఓద్వార్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. అతనూ బిర్గెర్ లాంటి మనిషే, ఈ పందెంలో మాత్రం త్రోన్‌హైమ్ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు. వేషానికి కావలసినవి గడ్డం, కళ్ళజోడు, చివరి నుంచి రెండో స్థానం. మూడోదాని కోసం నటించాల్సిన అవసరం పడలేదు. స్టవ్ ఇంధనం డబ్బాలో ఆఫీసువాళ్ళు అమర్చిన ట్రాన్స్‌మిటర్ మొదటి చలిగాలికే మూగబోయింది. అది పెట్టడానికి ఇంధనం ఉండాల్సిన చోటంతా మింగేశారు కాబట్టి, అప్పట్నుంచీ ప్రతి మజిలీలోనూ వేడినీళ్ళు అడుక్కుంటూ వస్తున్నాడు. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అన్నట్టయింది అతని పని.

ఇస్సాత్ వంటగదిలో ఫోను మోగింది. అవతల ఓస్లో నుంచి కర్నల్ హాగ్‌బార్త్, ఓద్వార్ పై అధికారి.

"బిర్గెర్ పోయేముందు నాకు ఫోన్ చేశాడు. మన ఆఫీసులోంచి పోయిన టేపు ఎవరి దగ్గరుందో చెప్పాడు."

"ఎవరు సార్?"

"తూర్దిస్."

తూర్దిస్ అంటే ఈ పందేన్ని మూడుసార్లు గెలిచిన మనిషి. ఎర్రనక్క తోలు టోపీలో ఆమె నవ్వే ఫోటో లేని పత్రిక ఉత్తర కొసనున్న మా ఫిన్‌మార్క్‌లో దొరకదు. అంతకంటే ముఖ్యంగా ఎనిమిదేళ్ళుగా ఆమె ఓద్వార్ ఆఫీసు మనిషి. ఆఫీసు రహస్యాలను ఒక ఇనప్పెట్టె నుంచి ఇంకో ఇనప్పెట్టెకి చేర్చే కొరియర్. సరిహద్దు అవతలి గూఢచారుల ముఠాకి కూడా అదే పని చేస్తోందని ఎవరికీ తోచలేదు.

టేపులో ఉన్నది అర్కాది గొంతు. అర్కాది నది అవతల నికెల్ ఊళ్ళో రైలు పట్టాలు మార్చే ఉద్యోగి. ఏ గూడ్సులో ఏ సరుకు ఏ దిక్కుకి పోతోందో ఐదేళ్ళుగా ఓద్వార్‌కి చెబుతున్నాడు. ప్రతిఫలంగా అడిగింది ఒక్కటే, మంచి కాఫీ పొడి. ఆ గొంతు అవతలివాళ్ళ చెవిన పడితే ఇంక అతనికి కాఫీతో పనుండదు.

కర్నల్ గబగబా చెప్పుకుపోయాడు. పందెం దారి సాయంత్రానికల్లా పస్విక్ నదికి ఆనుకుని పోతుంది. అక్కడ నదే సరిహద్దు. సందెవేళకి అవతల మనిషి కాచుకుని ఉంటాడు. తూర్దిస్ బండి ఆపక్కర్లేదు, చెయ్యి విసిరితే చాలు. సరిహద్దు పోస్టుకి ఫోను లైన్లు తెగాయి, తుఫానులో హెలికాప్టర్ లేవదు.

"ఆమె తెల్లారకముందే బయల్దేరింది. నువ్వు ఆగిపో ఓద్వార్. అందుకోవడం నీ వల్లా కాదు, నీ కుక్కల వల్లా కాదు. అర్కాది సంగతి మర్చిపో."

ఓద్వార్ ఫోను పెట్టేశాడు. బయటికి వెళ్ళి కుక్కల కాళ్ళకి గుడ్డజోళ్ళు తొడగడం మొదలుపెట్టాడు. అది సాహసం కాదు. ఆగితే ఆ వంటగదిలో కూర్చుని అర్కాది గురించే ఆలోచించాలి, అది అతనికి చేతకాదు.

ఆ రోజు ప్రయాణం గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మంచు కురవాల్సిన చోట వాన కురిసింది, కురిసిన వాన గడ్డకట్టింది. బర్చ్ చెట్లు వేళ్ళ నుంచి కొమ్మల దాకా గాజు తొడుక్కున్నట్టు నిలబడ్డాయి. దారంతా జారుడు. కొండెక్కేటప్పుడు ఓద్వార్ బండి దిగి వెనక నుంచి తోశాడు, దిగేటప్పుడు బ్రేకు మీద నిలబడి దేవుణ్ణి తలుచుకున్నాడు. మధ్యాహ్నానికి ఒక కుక్క కుంటడం మొదలుపెట్టింది. మా ఉత్తరాన నడవలేని కుక్కని ఎవరూ నడిపించరు. దాన్ని ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. బరువు పెరిగింది, లాగే కుక్క తగ్గింది. కాసేపటికి ఇంకోటి కుంటింది. దాన్నీ ఎక్కించాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

వెనక నుంచి వచ్చిన ఒక కుర్ర పందెగాడు దారి ఇమ్మని అడిగి దాటిపోతూ, చెక్‌పాయింట్‌లో ఉండిపోవాల్సింది మాస్టారూ అని జాలిపడ్డాడు. ఓద్వార్ తలూపాడు. నిజమే. తూర్దిస్ ఈపాటికి నది చేరి ఉంటుంది. తన పని ఇప్పుడు శవయాత్రలో ఆఖర్న నడిచేవాడి పని. అయినా కుక్కలు నడుస్తున్నాయి కాబట్టి అతనూ నడిచాడు.

సందె వెలుగులో నది కనిపించింది. పందెం దారి ఒడ్డునే సాగుతోంది, కానీ తూర్దిస్ బండి జాడ అక్కడ దారి వదిలి నది మంచు మీదికి దిగింది. ఓద్వార్ బండి ఆపి జాడ చూశాడు. ఆ జాడ ప్రకారం ఆమె బండి ముందు కుక్క ఇక్కడ ఆగింది. పక్కకి తిరిగింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ పక్కకి. మంచు మీద గోళ్ళ గీతలు. అది తింకా, తూర్దిస్ బండికి దారి చూపే ముసలి ఆడకుక్క.

తింకా వద్దంది. తూర్దిస్ పొమ్మంది.

ముందు కుక్క వద్దంటే ఆగాలని మా పిల్లలకి మాటలతో పాటే నేర్పుతాం. మంచు కింద నీళ్ళు పారే చప్పుడు మనిషి చెవికి అందదు, దానికి అందుతుంది. మూడుసార్లు గెలిచిన తూర్దిస్‌కి అది తెలియక కాదు. సందె వెలుగు పోకముందే టేపు అందించాలన్న తొందర. తింకా కూడా చివరికి యజమాని మాటే విన్నట్టుంది. గీతలు ఆగిపోయి, అడుగులు తిన్నగా నది మధ్యకి పోయాయి.

ఓద్వార్ తన కుక్కల్ని చెట్టుకి కట్టేసి ఆ జాడ వెంట నడిచాడు.

మంచులో నల్లటి బొక్క. దాని అంచున తింకా తల. వెనక మిగతా కుక్కలు బెదిరి కాళ్ళు తన్నిపట్టి నిలబడ్డాయి. తూర్దిస్ బోర్లా పడుకుని పాకుతోంది, పాకినకొద్దీ అంచు విరుగుతోంది. టోపీ ఎటో పోయింది, జుట్టు గడ్డకట్టింది. పత్రికల్లోని ముఖం కాదది.

ఆమె తల తిప్పకుండానే అంది, "మాస్టారూ, నా నడుముకున్న తాడు పట్టుకో."

ఓద్వార్ పట్టుకున్నాడు.

ఆమె ముందుకి పాకింది. అవతలి ఒడ్డు నుంచి సన్నగా ఈల వినిపించింది. తెల్ల దుస్తుల మనిషి ఒకడు స్కీల మీద నది మధ్య సరిహద్దు గుంజల వైపు వస్తున్నాడు. టేపు తూర్దిస్ కోటు లోపల ఉంది, ఎత్తుగా కనిపిస్తోంది. అప్పుడు ఓద్వార్‌కి అర్థమైంది. తాడు వదిలేస్తే చాలు. తూర్దిస్, టేపు, అర్కాది గొంతు, అన్నీ మంచు కిందికి పోతాయి. అర్కాది బతుకుతాడు. ప్రమాదం అని రాయొచ్చు, అబద్ధం కూడా కాదు. కర్నల్ అయితే ఈపాటికి వదిలేసి ఉండేవాడు.

ఓద్వార్ తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టాడు.

తూర్దిస్ తింకా జీనుతాడు అందుకుంది. "లాగు" అంది. అతను మడమలు తన్నిపెట్టి లాగాడు. కుక్కా మనిషీ కలిసి మంచు మీద జారుకుంటూ వచ్చారు.

ఆమె లేచి నిలబడింది. ఈల మళ్ళీ వినిపించింది, ఈసారి దగ్గరగా. ఆమె కోటులోంచి టేపు చుట్ట తీసింది. ఓద్వార్ పిస్టలు తొడుక్కున్న మూడు కోట్ల అడుగున ఉంది, వేళ్ళు కొయ్యబారాయి. అతను చెయ్యగలిగింది ఏమీ లేదు.

"నా సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది. ఈ మాస్టారి అసలు ఉద్యోగం ఏమిటో ఆమెకి తెలుసు.

"పొద్దుట్నుంచి."

"మా నాన్న యుద్ధంలో జర్మన్ ఓడల కదలికలు కనిపెట్టి అవతలివాళ్ళకి కబురు పంపాడు. ఆకలితో చావబోతుంటే ఆదుకున్నదీ వాళ్ళే. తర్వాత మీ ఆఫీసు ఏం చేసింది? ఆయన చచ్చేదాకా వెనకాల మనిషిని తిప్పింది. చేపలు పట్టడానికి పోతే చేపల్ని కూడా అనుమానించారు మాస్టారూ."

ఓద్వార్‌కి అందులో కాదనడానికేమీ లేదు.

"అవతలివాళ్ళు బిర్గెర్‌ని చంపేశారు" అన్నాడు. "నేయిడెన్‌లో. మెడకి తాడు బిగించి."

తూర్దిస్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బిర్గెర్ ఆమె దగ్గర కుక్కపిల్లల్ని కొన్నవాడు. "ఎవరికీ ఏమీ కాదన్నారు" అంది.

"ఆ టేపులో ఉన్నవాడికి కూడా ఏమీ కాదన్నారా?"

ఆమె కాళ్ళ దగ్గర తింకా వణకడం ఆగిపోయింది. చలిలో కుక్క వణకడం ఆగితే ఇంక ఎంతోసేపు ఉండదని ఇద్దరికీ తెలుసు. తూర్దిస్ దాన్ని భుజాన వేసుకుని ఒడ్డుకి నడిచింది, ఓద్వార్ వెనకే వెళ్ళాడు. తెల్ల దుస్తులవాడు గుంజల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నిప్పు కావాలి. నా స్టవ్ బరువని దారిలో పారేశాను. నీది?" అని తూర్దిస్ అడిగింది.

"నా డబ్బాలో రేడియో ఉంది. అదీ చచ్చింది."

"బెరడు?"

బర్చ్ బెరడంతా మంచు గాజు కింద ఉంది. ఓద్వార్ కత్తితో గీకాడు, తడి పీచు వచ్చింది. అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. ఇంకోటీ అంతే. కుక్క కళ్ళు తేలేసింది. అవతలివాడు గుంజలు దాటి ఇటువైపు అడుగు పెట్టాడు, చెయ్యి చాచాడు. విసిరితే అందుతుంది.

తూర్దిస్ ఆ చేతి వంక చూసింది. తర్వాత తింకా వంక చూసింది. చుట్టని పళ్ళతో చించి, టేపంతా గుప్పిళ్ళతో లాగి కొమ్మల కింద కుక్కి, "గీయి" అంది.

టేపు నల్లటి పొగతో, ముక్కులు పగిలే కంపుతో భగ్గుమంది. ఆ మంట మీద కొమ్మలు చిటపటలాడాయి, ఆరాయి, అంటుకున్నాయి. అంత వెలుగు సరిహద్దులో లేస్తే రెండువైపులా కాపలావాళ్ళు పరిగెత్తుకొస్తారు. తెల్ల దుస్తులవాడు ఒక్క క్షణం చూసి, స్కీలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరూ కోట్లు విప్పి కుక్క మీద కప్పి, దాన్ని రెండువైపులా రుద్దుతూ కూర్చున్నారు. అది మళ్ళీ వణకడం మొదలుపెట్టినప్పుడు తూర్దిస్ ఏడ్చింది.

ఏప్రిల్లో అర్కాది నుంచి మామూలు కబురు వచ్చింది, కాఫీ అయిపోయిందని. ఓస్లోలో కర్నల్ సాక్ష్యం అడిగాడు. కుక్కని ఆరబెట్టడానికి వాడేశాం అని ఓద్వార్ చెప్పాడు. సాక్ష్యం లేకుండా తూర్దిస్‌ని జైల్లో పెట్టలేకపోయారు. అలాగని నమ్మనూ లేరు. ఆమె తండ్రికి చేసినట్టే చేశారు, బతికినంతకాలం వెనకాల ఒక మనిషి. ఆ పనికి, శిక్షగానో మర్యాదగానో తెలియదు, ఓద్వార్‌నే వేశారు.

అతను ఆమె కుక్కల దొడ్డికి ఎదురుగా గది తీసుకున్నాడు. మొదటి వారం కిటికీలోంచి కాపు కాశాడు. రెండో వారం తూర్దిస్ వచ్చి తలుపు కొట్టి, ఎలాగూ చూస్తున్నావు కదా మాస్టారూ, చూసేదేదో బకెట్ పట్టుకుని చూడు అంది. అంతకుమించి వాళ్ళు మాట్లాడుకున్నది తక్కువ. ఆఫీసుని క్షమించిందో లేదో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

ప్రతి శుక్రవారం ఓస్లోకి అతని అత్యంత రహస్య నివేదిక వెళుతుంది: "ఈ వారం అనుమానించదగ్గది ఏమీ లేదు. తింకాకి దగ్గు తగ్గలేదు."