పాత స్టాకు

"మాస్టారిని అమ్మకానికి పెట్టారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉడుత కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పిస్టల్ పట్టుకోవడం నుంచి, తుమ్మినా ఊడకుండా పెట్టుడు మీసం అంటించుకోవడం దాకా అతనికి అన్నీ నేర్పింది మాస్టారే. నిరుటి నుంచి ఆయన డాక్టర్ ముఠా చేతిలో బందీ.

"రేపు మధ్యాహ్నం, సరిహద్దు అవతలి రైల్వే స్టేషన్. క్యాష్ ఇస్తే మనిషిని రైలెక్కిస్తారు. ఇవ్వకపోతే శత్రువులకి అప్పగిస్తారు. అక్కడ ఉరే."

"అక్కడ మన మనిషెవరు?"

"గులాబి. మనీ ఎక్స్ఛేంజ్ కౌంటర్లో కూర్చుంటుంది. మన జీతమూ తీసుకుంటుంది, డాక్టర్ జీతమూ తీసుకుంటుంది. ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి."

కింది అంతస్తులో క్యాషియర్ ఇనప్పెట్టె తెరిచాడు. పైనున్న కట్టలు జాగ్రత్తగా పక్కన పెట్టి, అడుగునున్న విదేశీ నోట్లు తీసి సంచిలో సర్దాడు.

"పైన కొత్తవి ఉన్నాయిగా?"

"ముందొచ్చిన స్టాకు ముందు పోవాలి బాబూ. పెన్సిళ్లయినా నోట్లయినా స్టోర్స్ రూలు ఒకటే." అదే అడుగు నుంచి గుప్పెడు చిల్లర తీసి, రెండు రైలు టికెట్లతో పాటు ఇచ్చాడు. "మిగిలింది రసీదుతో జమ చేయాలి."

మర్నాడు టూరిస్టు టోపీ, కెమెరా, మీసంతో ఉడుత కౌంటర్ ముందు నిలబడ్డాడు. అద్దం వెనక గులాబి. ఎర్రటి లిప్‌స్టిక్, మెడలో ముత్యాలు. మోచేతి దగ్గర స్వెటర్‌కి మాత్రం అదే రంగు దారంతో చిరుగు కుట్టి ఉంది.

"నాణేలు మారుస్తారా?" కోడ్ చెప్పాడు.

"నాణేలు తీసుకోం. నోట్లే."

కోడ్‌కి జవాబు అదే. ఏ కౌంటర్లో అడిగినా అదే చెబుతారు కూడా. ఈ కోడ్ రాసినవాడు ఎన్నడూ ఊరు దాటి ఉండడు అనుకుంటూ ఉడుత కట్టలోంచి ఒక నోటు జరిపాడు. ఆమె దాన్ని ముట్టుకుని ఆగిపోయింది.

"సంచిలో అన్నీ ఇవేనా?"

"అవును."

"ఇవి చెల్లవు. ఈ సిరీస్ రద్దయి ఏళ్లయింది. సెంట్రల్ బ్యాంకు ఒక్కటే తీసుకుంటుంది. ఎక్కడివో రాసిచ్చి నెలల తరబడి తిరగాలి."

ఉడుత వెనక్కి తిరిగి చూశాడు. రైలు అప్పటికే ప్లాట్‌ఫాం మీదుంది.

"డాక్టర్‌కి తెలుస్తుందా?"

"ఆయన ఈ దేశానికి కొత్త. నోట్లు నా చేతే పరీక్ష చేయిస్తాడు."

"అయితే నువ్వేం చెబుతావు?"

గులాబి 'కౌంటర్ మూసి ఉంది' అన్న బోర్డు తిప్పింది. "నాలుగు మెతుకులు నేనే పట్టుకెళ్తున్నా మీ మాస్టారికి. రోజూ 'తిన్నావా అమ్మాయీ' అని అడుగుతాడు. మీ ఆఫీసూ వాళ్ల ఆఫీసూ నన్ను నంబరుతో పిలుస్తాయి."

ఏం చెబుతుందో మాత్రం చెప్పలేదు.

వెయిటింగ్ రూంలో డాక్టర్ తెల్ల గ్లవ్స్ వేసుకుని కూర్చున్నాడు. వేలిముద్ర పడుతుందని అవి లేనిదే డబ్బు ముట్టుకోడు. ఒళ్లో పేపరు, దాని కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్. పక్కనే మాస్టారు. ఎవరిదో కోటులో సగానికి తగ్గిపోయి ఉన్నాడు. ఉడుతని చూసి, మీసం ఒకవైపు లేచిందని కంటితోనే సైగ చేశాడు.

గులాబి యూవీ ల్యాంప్ వెలిగించింది. ఒక్కో కట్టలోంచి ఒక్కో నోటు తీసి, కాగితం నలిపి చూసింది.

"దొంగనోట్లా?" అడిగాడు డాక్టర్.

ఆమె తల ఎత్తలేదు. బయట విజిల్ మోగింది.

"కాదు సార్. ప్రభుత్వం అచ్చేసినవే."

డాక్టర్ తల ఊపాడు. సంచి తీసుకుని, దర్జాగా సిగరెట్ల కొట్టు వైపు నడిచాడు.

ఉడుత మాస్టారిని దాదాపు ఎత్తుకుని బోగీ దగ్గరకి తెచ్చాడు. గార్డు చెయ్యి చాపాడు. రెండే టికెట్లు. వెనక గులాబి ముత్యాలు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటోంది, ఎక్కడికీ వెళ్లే పని లేనట్టు.

"మొదటి నోటు మార్చగానే వాళ్లకి తెలిసిపోతుంది," అన్నాడు ఉడుత.

"తెలుసు."

ఇంకో టికెట్ కొందామంటే జేబులో ఉన్నది ఆ చిల్లరే. ఉడుత రెండు టికెట్లూ గార్డు చేతిలో పెట్టి, మాస్టారిని ఎక్కించి, వెనకే ఆమెని పైకి నెట్టాడు. రైలు కదిలింది. తలుపు దగ్గర మాస్టారు ఏదో అన్నాడు గానీ చక్రాల చప్పుడులో వినపడలేదు.

ఆఫీసుకి ఫోన్ చేద్దామని ఉడుత చిల్లర తీసి టెలిఫోన్ డబ్బాలో వేశాడు. నాణెం కింద నుంచి బయటికొచ్చింది. మళ్లీ వేశాడు. మళ్లీ వచ్చింది.

సిగరెట్ల కొట్టులో ముసలాయన నోటుని వెలుతురుకి పట్టి, తల అడ్డంగా ఊపి, తిరిగిచ్చేశాడు. డాక్టర్ ఇంకోటి ఇచ్చాడు. ముసలాయన ఈసారి నవ్వాడు. డాక్టర్ కుడిచేతి గ్లవ్ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. ఉడుత మీద చూపు ఆగింది.

ఆఫీసు పిలిస్తే తప్ప పలకని చొక్కా గుండీలోని స్పీకర్ గరగరలాడింది. క్యాషియర్ గొంతు.

"పని అయిందటగా బాబూ. మిగిలిన డబ్బు సంగతేంటి?"

సంచి పట్టుకుని తనవైపే నడిచొస్తున్న మనిషిని చూస్తూ, ఉడుత లేచిన మీసాన్ని అదిమి సరిచేసుకున్నాడు.

"పైసా పోలేదండీ. మొత్తం తిరిగొస్తోంది."