రాజరాజేశ్వరి మేడం పోయిన రోజు

ఖాజాగూడ దగ్గర ఒక పెద్ద ఆస్పత్రి ఉంది. పేరు చెప్పను. దాని రెండో సెల్లార్‌లో పాత కేసు షీట్లు దాచే రికార్డుల గది ఉంది. ఆ గదికి మంచి పేరు లేదు. ఎవరూ లేకుండానే అక్కడ లైట్లు వెలుగుతాయట... ఆరిపోతాయట. పగలైనా సరే, నర్సులు ఇద్దరిద్దరుగానే వెళ్తారు.

అక్కడ నీహారికకు జరిగింది చెబుతాను. మూసాపేట హాస్టల్లో నాదీ దానిదీ ఒకటే గది. అది చెప్పింది చెప్పినట్టే చెబుతున్నా, ఏడుపు మాత్రం కొంచెం తగ్గించాను.

నీహారికది కాకినాడ. హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ. ఆ ఆస్పత్రిలో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. డాక్టరు ఇంటికి వెళ్లమన్నాక కూడా పేషెంటు ఆరు గంటలు ఎందుకు కూర్చోవాలి అన్నది దాని ప్రాజెక్టు. అది పూర్తయినట్టు మేనేజరు రాజరాజేశ్వరి మేడం సంతకం పెట్టిన లెటరు ఉంటేనే ఫెలోషిప్‌కు అప్లై చేయగలదు. గడువు ఆ రాత్రి పన్నెండుకి. పిచ్చిమొహం, ఆఖరి రోజుదాకా ఆగింది!

రాత్రి ఎనిమిదింటికి వెళ్తే మేడం గదికి తాళం. పక్కనే సెక్యూరిటీ ఎల్లేశం కళ్లు తుడుచుకుంటున్నాడు.

“మేడం గారు ఎక్కడండీ?”

“పోయిందమ్మా... నాలుగింటికే. ఇగ రాదు. మస్తు మంచిది. చాయ్ తాగినవా ఎల్లేశం అని రోజు అడుగుతుండె.”

నీహారిక అద్దం తలుపులోంచి లోపలికి చూసింది. బల్ల మీద మేడం ఫొటో... ఫొటోకు దండ.

ఏడ్చేసింది. మనిషి కోసం కొంత, సంతకం కోసం కొంత.

తన ఫైలు రికార్డుల గదిలో ఉందని మేడం నిన్ననే చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఒకవేళ పోయేముందే సంతకం పెట్టారేమో! ఆ ఆశతో లిఫ్ట్ ఎక్కి సెల్లార్‌కు దిగింది.

అంతా చీకటి. ఒక అడుగు వేసింది — లైటు దానంతటదే వెలిగింది. ఇంకో అడుగు — ఇంకో లైటు. లోపలెక్కడో... కాగితం తిప్పిన చప్పుడు.

బీరువాల వెనక తెల్ల చీర. మెల్లగా ఇటు తిరిగింది.

రాజరాజేశ్వరి మేడం!

నీహారిక బిగుసుకుపోయింది. కాసేపటికి లైట్లూ ఆరిపోయాయి.

చీకట్లోంచి గొంతు — “నీ కోసమే వచ్చిన. నీ పని చెయ్యకుంట పోతి... మనసు ఒప్పలే.”

“వ... వద్దండీ...”

“దగ్గరికి రా. పన్నెండు దాకనే నేను ఈడి మనిషిని. తర్వాత నా సంతకం చెల్లదు.”

దెయ్యాలకు కూడా గడువులుంటాయా అనుకుంది నీహారిక. భయం ఒక పక్క, ఫెలోషిప్ ఒక పక్క. ఫెలోషిప్పే గెలిచింది. కళ్లు మూసుకుని పెన్ను పట్టుకున్న చెయ్యి చాచింది. టప్పున లైటు వెలిగింది. చల్లటి వేళ్లు తగిలాయి... గరగరమని సంతకం పడింది.

లెటరు లాక్కుని దండం పెట్టింది. “ఇక శాంతిగా వెళ్లిపోండి మేడం. దయచేసి ఇంకెప్పుడూ కనపడకండి!”

పరుగో పరుగు! పైకొచ్చి ఎల్లేశం మీద పడింది. “మేడం గారు కనపడ్డారండీ! పోయారన్నారుగా!”

“అవ్, పోయింది. కొలువు ఇడిసిపెట్టి పోయింది! ఇయ్యాల ఆఖరి రోజు. దండేసి, ఫొటో కట్టించి ఇచ్చిన్రు. మల్ల ఎప్పుడొచ్చిందో ఏందో!”

మెడలో దండ బరువైతే తీసి ఫొటో మీద వేశారట మేడం. సెల్లార్‌లోవి మనిషి కదిలితేనే వెలిగే లైట్లట. ఇక పోవడం సంగతి — మా వరంగల్‌లో పోయిందంటే వెళ్లిందని. కాకినాడలో పెద్దవాళ్లు పోయారంటే తలస్నానం చేయాల్సిందే. మేడం బతికే ఉన్నారని తెలిసినా ఆ రాత్రి అది నిజంగానే బకెట్ పట్టుకుని బయల్దేరితే, ముందు అప్లికేషన్ పంపి చావమన్నాను.

రెండు వారాలకు హైటెక్ సిటీలో ఫెలోషిప్ ఇంటర్వ్యూ. నీహారిక తలుపు తీసింది. నడిమి కుర్చీలో... తెల్ల చీర.

మేడం కొత్తగా చేరింది అక్కడే.

“కనపడకు అన్నవ్. ఏం జేద్దాం, మల్ల కనవడ్డ.” కళ్లద్దాలు సర్దుకుని మెల్లగా మొదటి ప్రశ్న అడిగారు. “ఒక మనిషి పోయినట్టు దవాఖానల ఎవరు రాసియ్యాలె?”

“డాక్టరు గారండీ...” అంది నీహారిక. “సెక్యూరిటీ కాదండీ.”

ఫెలోషిప్ దానికే వచ్చింది. ఇప్పుడు ఏడాది పాటు మేడం రోజూ కనపడతారు.