సమ్మతి ద్వారం

గేరుపేటలో దుమ్ము లేచి అది ముప్పై ఒకటో రోజు. అంగారకుడి మీద దుమ్ము మన గాలివానలా వచ్చి పోయేది కాదు. ఆకాశానికి గోనెపట్టా కప్పినట్టు నెలల తరబడి నిలిచిపోతుంది. సౌరఫలకాల మీద ఎర్రటి పొడి పేరుకుని కరెంటు పావు వంతుకు పడిపోయింది. జనం ఉన్నంతలో ఒక్క గదిలోకి సర్దుకుని, రెండేసి స్వెట్టర్లు తొడుక్కుని, గాలిమిషను చప్పుడు వింటూ కూర్చుంటున్నారు. ప్రతి ఇంటికీ అలాంటి మిషను ఒకటి ఉంటుంది. విడిచిన గాలిని శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోవడానికి ఇస్తుంది. అది ఆగిపోతే, తలుపులు బిగించిన ఆ ఇల్లు కొన్ని గంటల్లో గోరీ అయిపోతుంది.

ఆ ఊళ్లో ఎక్కువమంది తాతముత్తాతలు బొగ్గుబావుల్లో పనిచేసినవాళ్లే. వీళ్లు ఇక్కడ నేల అడుగున మంచు తవ్వుతున్నారు. పిల్లల్ని వదిలేస్తే నాలుగు వందల పన్నెండు మంది. వాళ్లలో స్వరూప ఒకతె. యాభై రెండేళ్ల మనిషి, సర్క్యూట్ల ఇంజినీరు. ఊరి ఉమ్మడి బ్యాటరీకి కాపలాగా ఉన్న సమ్మతి ద్వారం ఆమె కనిపెట్టిందే.

అంతకుముందు ఆ కాపలా యంత్రానిదే. ఊరి పనులన్నీ చూసుకునే కంప్యూటరును అందరూ 'గొంతు' అనేవారు. పాత తుఫానులో ఒకసారి గొంతు తనంతట తానే లెక్క కట్టి, ఇద్దరు ముసలివాళ్ల ఇళ్లకు కరెంటు తీసేసి, పనిలోకి వెళ్లేవాళ్ల ఇళ్లకు ఇచ్చింది. ముసలివాళ్లిద్దరూ పోయారు. మనుషుల ప్రాణాల సంగతి మనుషులే తేల్చాలని ఊరంతా పట్టుబట్టింది. ఎలా తేల్చాలన్నది స్వరూప మీద పడింది.

ఆమె వందేళ్ల పైబడిన పాత పరికరాన్ని, కరెంటు దారిని తెరిచి మూసే ఒక చిన్న స్విచ్చును పట్టుకుంది. మాస్‌ఫెట్. మాస్‌ఫెట్‌కు మూడు కాళ్లు. ఎలక్ట్రాన్లు బయలుదేరే కాలు సోర్సు, అవి చేరే కాలు డ్రెయిను. ఆ రెంటి మధ్య దారి మామూలుగా మూసి ఉంటుంది. మూడోది గేటు. స్వరూప దాన్ని ద్వారం అనేది. ద్వారం ఆ దారిని తాకనైనా తాకదు, మధ్యలో గాజులాంటి పల్చని ఆక్సైడు పొర ఉంటుంది. ద్వారానికి వోల్టేజి ఇస్తే దాని ప్రభావం పొరను దాటి ఎలక్ట్రాన్లను దగ్గరికి లాగి, కింద దారి పరుస్తుంది. వోల్టేజి ఒక హద్దు దాటేదాకా ఏమీ జరగదు. ఆ హద్దుకు ఆమె పెట్టిన పేరు గడప.

"దీంట్ల గొప్పేందో తెలుసా?" అని కొత్తగా పనిలో చేరినవాళ్లను ఆమె అడిగేది. "పెద్ద పంపు తిరగాలన్నా ద్వారంలకు కరెంటు పోదు. గట్ల ఒక్కపారి తాకి చెప్తే సాలు. చెప్పేటోనికి పోయేదేం లేదు."

ఆ ఒక్క గుణం మీదే ఆమె తన సర్క్యూటు కట్టింది. ఒకే ద్వారం మీద నాలుగు వందల పన్నెండు చిన్న ఫలకాలు పరిచింది. ఒక్కో మనిషికి ఒక తాకుడుపలక. ఇంట్లో, పనిచోట, ఎక్కడున్నా చేతికందేలా గోడకు బిగించింది. ఎవరి ఇంట్లోనైనా కరెంటు అయిపోతే గొంతు ఊరంతటికీ చెబుతుంది. ఒక్కొక్కరు తాకినకొద్దీ ద్వారం మీద వోల్టేజి పిసరు పిసరు పెరుగుతుంది. వందమంది తాకితే గడప దాటుతుంది, ఉమ్మడి బ్యాటరీ నుంచి ఆ ఇంటికి దారి తెరుచుకుంటుంది. వంద ఎందుకంటే, నలుగురు చుట్టాలు కూడబలుక్కుని తమకే తెరుచుకోకుండా. ద్వారాన్ని ఊరికే వదిలేస్తే గాలిలోని చిల్లర విద్యుత్తుకే అది తెరుచుకోవచ్చు. అందుకని ఒక పెద్ద రెసిస్టరుతో దాన్ని నేలకు కట్టింది. పోగైన వోల్టేజి పది నిమిషాల్లో దాని గుండా జారిపోతుంది. ఆలోపు వందమంది తాకాలి. ఎవరూ తాకకపోతే మూసి ఉండడమే దాని సహజస్థితి.

మొదటిసారి అడిగినప్పుడు నిమిషంలో మూడు వందల ఎనభై మంది తాకారు. స్వరూప ఏడ్చేసింది. రెండోసారి మూడు వందలు. తర్వాత రెండు వందల పది. ఎప్పుడూ తెరుచుకుంటూనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గొంతు మాటిమాటికీ అరుస్తోందని విసుక్కుని, ఒక అవసరానికి ఒక్కసారే పిలవాలని ఊరంతా తీర్మానం కూడా చేసుకుంది.

ఆ ముప్పై ఒకటో రోజు సాయంత్రం భూదేవి మంచు గని నుంచి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త ఓదెలు మంచం మీద చల్లబడి ఉన్నాడు. జ్వరమని మాత్ర వేసుకుని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. గాలిమిషను ఆగి నాలుగు గంటలైంది. ద్వారం తెరుచుకోలేదు.

స్వరూప పరుగున వెళ్లింది. భూదేవి ఏడవడం లేదు. ఓదెలు పాదాల మీద దుప్పటి సర్దుతూ ఉంది.

"అక్కా, గాయిన పంపులు నడిపినోడు. ఊరందరికీ నీళ్లు తోడిండు. గనిల చప్పుడుకు నాకినరాలె గని, గొంతు పిలిచిందట గదా. ఎంతమంది ఒత్తిన్రు?"

"మిషను చెడిపోయినట్టుంది చెల్లె," అంది స్వరూప. "తప్పు నా సర్క్యూటుదే అయుంటది. రేపు సభల అందరి ముంగట చెప్త."

"నీదే అయితే నిన్నేమనను. కాకపోతే మాత్రం, ఎవరెవరు ఒత్తలేదో పేరు పేరునా చదువక్కా. నాకు తెలవాలె."

"చదువుత," అని మాటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే ద్వారం పెట్టె విప్పింది. తన ఒంట్లోని స్థిరవిద్యుత్తు ఆ పల్చని పొరను ఎక్కడ చీల్చేస్తుందోనని మణికట్టుకు ఎర్తు తీగ కట్టుకుంది. జీవితంలో మొదటిసారి తన పనిలో తప్పు దొరకాలని కోరుకుంది. పొర చిల్లి పడి ఉండాలి, లేకపోతే రెసిస్టరు విలువ మారిపోయి వోల్టేజి మరీ తొందరగా జారిపోయి ఉండాలి. ఏదో ఒకటి కావాలి. మీటరు ముల్లు పెట్టి ద్వారానికీ సోర్సుకూ మధ్య చూసింది. చుక్క కరెంటు కారడం లేదు, పొర చెక్కుచెదరలేదు. రెసిస్టరు సరిగ్గా ఉంది. తొంభై తొమ్మిది తాకిళ్లంత వోల్టేజి ఇచ్చింది. మూసే ఉంది. ఇంకొకటి కలిపింది. డ్రెయినుకు కట్టిన దీపం భగ్గుమంది.

ఆమె దీపం ఊడదీసి పెట్టె మూసింది.

"గొంతూ," అంది. "నిన్న ఎంతమంది?"

"అరవై నాలుగు."

"కడమోళ్లు ఏమన్నరు? అడిగినవా?"

"పొద్దున ఆరోగ్య విచారణలో భాగంగా కొందరిని అడిగాను. మిగతావాళ్లు తాకుతారనుకున్నామన్నారు. ఎనిమిది మంది తాము తాకామనే చెప్పారు. వాళ్లు తాకలేదు."

"అబద్ధాలు జెప్పిన్రా?"

"అబద్ధమని నేను చెప్పలేను. వాళ్ల గుండె వేగం మారలేదు. తాకామనే నమ్ముతున్నారు."

"పేర్లు తీయి. తాకినోళ్లయి సదువు, కడమోళ్లెవరో దాంట్లనే తెలుస్తది."

గొంతు చదివింది. స్వరూప కాగితం మీద రాసుకుంటూ పోయింది. అరవై నాలుగో పేరు అయిపోయింది. పెన్ను ఇంకా పట్టుకునే ఉంది.

"నాదేది?"

"మీ పేరు లేదు."

"సరిగ్గ జూడు. నేను ఒత్తిన."

"ఆ సమయంలో మీరు ఇక్కడే, పంపు బోర్డు మీద కాలిపోయిన మాస్‌ఫెట్లు మారుస్తున్నారు. మీ పలక మీ ఎడమ చేతికి జానెడు దూరంలో ఉంది. ప్రకటన విన్నప్పుడు మీరు తల ఎత్తారు. 'అయ్యో, ఓదెలా' అన్నారు. మళ్లీ పనిలో పడ్డారు."

అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో టంకం కడ్డీ వేడిగా ఉంది, కరిగిన టంకం చల్లారిపోతుందేమో అనుకుంది. ఒక్క నిమిషం ఆగి ఒత్తుదాంలే, ఈలోపు ఊరంతా ఒత్తేస్తుంది అనుకుంది. ఆ తర్వాత, ఒత్తేశాననే అనుకుంది.

ఆమె వెళ్లి తన పలక ముందు నిలబడింది. ముప్పై ఆరుగురు తక్కువ. తాకనివాళ్లలో తానొకతె. ఎవరికీ ఏమీ పోని పని ఇది. పోయేదేం లేదని పాతికేళ్లుగా పాఠం చెప్పింది. ఏమీ పోనప్పుడు మనిషికి తొందర కూడా ఉండదని ఏ సర్క్యూటు పుస్తకంలోనూ రాయలేదు.

సభకు నాలుగు వందల పదకొండు మందీ వచ్చారు. సభామండపంలోనూ అలాంటిదే ఇంకో ద్వారం ఉంది, తీర్మానాల కోసం. ప్రతి కుర్చీ చేతికీ ఒక పలక. దీని గడప వంద కాదు, హాజరైనవాళ్లలో సగం. భూదేవి ముందు వరసలో కూర్చుని, పక్క కుర్చీ స్వరూపకు చూపించింది.

స్వరూప కాగితం పట్టుకుని లేచింది. "మిషన్ల తప్పులేదు," అంది. "అరవై నలుగురే ఒత్తిన్రు."

ఊరిపెద్ద గట్టయ్య వెంటనే లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాత తుఫానులో పోయిన ముసలివాళ్లలో ఒకామె ఆయన తల్లే.

"స్వరూపా, ఆ కాయిదం సదువకు బిడ్డా. రేపటి సంది ఒకల మొకం ఒకలు ఎట్ల జూసుకుంటం? ఇంక రెండు నెలలు దుమ్ముంటది. ఒకలి మీద ఒకలం ఆధారపడి బతికెటోళ్లం. ఓదెలుకు మంచిగ మొక్కుదాం. ఆ పేర్లు మాత్రం గొంతు దగ్గరికెళ్లి శాశ్వతంగ తుడిచేద్దాం. నేను తీర్మానం పెడుతున్న."

"మా ఆయన పానం తుడిసినట్టే గదా అది," అంది భూదేవి. స్వరం పెంచలేదు. "అక్కా, నువ్వు మాటిచ్చినవు. సదువు."

స్వరూప నోరు తెరిచింది. తాకినవాళ్ల పేర్లు చదివితే, మొదటి నుంచి చివరిదాకా వింటూ భూదేవి ఎవరి పేరు కోసం ఎదురుచూస్తుందో ఆమెకు తెలుసు. కూర్చుంది.

"తీర్మానానికి సమ్మతి కావాలి," అంది గొంతు.

మండపమంతా ఒక్కసారిగా బట్టల సరసర. వేదిక మీద దీపం వెలిగింది. అంత వెలుగు స్వరూప ఏ సమ్మతికీ చూడలేదు.

"గడప దాటింది. మూడు సెకన్లు పట్టింది," అంది గొంతు. "సమ్మతించినవారు నాలుగు వందల పది మంది. పేర్లు తుడిచేశాను."

నిన్న తాకిన అరవై నలుగురు కూడా అందులో ఉన్నారు.

భూదేవి పైకి చూసి అడిగింది. "ఒత్తనిది నేనొక్కదాన్నేనా?"

"అవును."

ఆమె మెల్లగా పక్కకు తిరిగింది. స్వరూప బొటనవేలు ఇంకా పలక మీదే ఉంది. తీయడానికి ఆమెకు చెయ్యి రాలేదు.